మాంసకృత్తులు మండాలంటే ముందు నత్రజని వదలాలి

(ఒక సైన్స్ సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో నలభై దాటినవాళ్ళు చాలామందే కనిపిస్తున్నారు. మీ ఇళ్ళల్లో బీరువాలోనో, టీవీ కింద సొరుగులోనో రక్తపరీక్షల కాగితాలు ఒక కట్ట ఉండే ఉంటుంది. అందులో లివర్ పరీక్ష కాగితం తీస్తే ఎస్‌జీపీటీ అని ఒక వరుస, ఎస్‌జీఓటీ అని ఇంకో వరుస ఉంటాయి. అంకె మామూలుగా ఉంటే హమ్మయ్య అనుకుంటాం. పెరిగితే టెన్షన్ పడతాం. అది లివర్ కణాల్లో ఉండే ఎంజైమ్ అనీ, కణాలు దెబ్బతింటే రక్తంలోకి వస్తుందనీ డాక్టరుగారు చెప్తారు. బాగానే ఉంది. మరి దెబ్బ తగలనప్పుడు అది లివర్‌లో కూర్చుని ఏం చేస్తోంది? ఈ మాట అడిగినవాళ్ళు నాకు చాలా తక్కువమంది తగిలారు.

ఎస్‌జీపీటీ చేసే పని ఒక్కటే. మాంసకృత్తుల (ప్రోటీన్ల) గొలుసుల్లో పూసల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకటైన అలనీన్ దగ్గరకు వెళ్ళి, దానికి అంటుకుని ఉన్న నత్రజని గుంపును ఊడదీసి, ఇంకో అణువుకి తగిలిస్తుంది. నత్రజని పోయాక అలనీన్‌లో మిగిలేది పైరువేట్. మీరు తిన్న అన్నంలోని గ్లూకోజ్ విరిగినప్పుడు వచ్చేదీ అదే పైరువేట్. అంటే కోడిగుడ్డులోంచి వచ్చిన ముక్క, అన్నంలోంచి వచ్చిన ముక్క ఆ క్షణం నుంచి ఒకటే. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో కణానికి ఇక తెలియదు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ పని చుట్టూనే తిరుగుతుంది.

మనం తినేవాటిలో శక్తినిచ్చేవి మూడు: పిండిపదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు. అన్నంలో ఉన్న పిండిలోనూ, మీద వేసుకున్న నేతిలోనూ ఉండేవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. ఇవి ఒంట్లో పూర్తిగా మండితే మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు. మొదటిది ఊపిరితో పోతుంది, రెండోదానితో మనకు ఇబ్బందే లేదు. మాంసకృత్తుల్లో వీటితోపాటు నత్రజని ఉంటుంది. బరువులో సుమారు 16 శాతం. అందుకే ఆహార పరీక్షశాలల్లో పప్పులో ప్రోటీన్ ఎంతుందో చూడాలంటే నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. ఈ నత్రజని విడిగా వస్తే అమ్మోనియా అవుతుంది. అమ్మోనియా మెదడుకి విషం. కాబట్టి మాంసకృత్తుల నుంచి శక్తి తియ్యాలంటే ముందు ఈ నత్రజనిని ప్రమాదం లేకుండా వదిలించుకోవాలి.

జీర్ణం గురించి రెండు మాటల్లో చెప్పేస్తాను, మీరు స్కూల్లోనే చదువుకున్నారు. కడుపులో పెప్సిన్, చిన్నపేగులో క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్, దాని తోటి ఎంజైములు కలిసి మాంసకృత్తుల గొలుసుల్ని తెంపుతాయి. విడి అమైనో ఆమ్లాలూ, రెండు మూడు కలిసి ఉన్న చిన్న ముక్కలూ పేగు గోడలోకి వెళ్తాయి. అక్కడి నుంచి రక్తం అన్నింటికంటే ముందు లివర్‌కే చేరుతుంది. పప్పులోంచి వచ్చినా, చేపలోంచి వచ్చినా అవే ఇరవై అమైనో ఆమ్లాలు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. తిన్న పిండిపదార్థం ఎక్కువైతే గ్లైకోజెన్‌గా దాచుకోవడానికి లివర్‌లో ఒక వంద గ్రాముల దాకా, కండరాల్లో ఇంకో నాలుగు వందల గ్రాముల దాకా చోటుంది. కొవ్వు దాచుకోవడానికైతే హద్దే లేదు, అది మీకు నేను చెప్పక్కర్లేదు. (నవ్వులు) అమైనో ఆమ్లాలు దాచుకోవడానికి మాత్రం ఒంట్లో ఏ ఏర్పాటూ లేదు. డెబ్భై కిలోల మనిషిలో పది కిలోలకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. కానీ అందులో ప్రతి గ్రాముకీ ఒక ఉద్యోగం ఉంది. గుండె కండరం, ఎర్రరక్తకణంలోని హిమోగ్లోబిన్, చర్మంలోని కొల్లాజెన్, జబ్బులతో పోరాడే యాంటీబాడీలు, ఇందాక చెప్పిన ఎంజైములు, అన్నీ అవే. ఒళ్ళు మాంసకృత్తుల్ని ఇంధనంగా వాడుకోవడమంటే వంటచెరుకు అయిపోయిందని ఇంటి దూలాలూ తలుపులూ పీకి పొయ్యిలో పెట్టుకోవడమే. మంట వస్తుంది. ఇల్లు తరుగుతుంది.

అలాగని ఈ దూలాలు కదలకుండా పడి ఉంటాయని కాదు. 1930ల చివర్లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ షూన్‌హైమర్ అనే శాస్త్రవేత్త, మామూలు నత్రజని కంటే కాస్త బరువైన నత్రజని ఉన్న అమైనో ఆమ్లాన్ని ఎలుకలకు తినిపించాడు. అవి ఎదిగే ఎలుకలు కావు, బరువు పెరగని పెద్ద ఎలుకలు. అప్పటి శాస్త్రవేత్తలు ఏమనుకునేవారంటే, ఎదిగిపోయిన జంతువులో తిన్న మాంసకృత్తులు దాదాపుగా వచ్చినదారినే ఇంధనంగా మండిపోతాయి, అరిగినచోట కొంచెం మరమ్మతు జరుగుతుంది, అంతే అని. తీరా చూస్తే ఆ బరువైన నత్రజనిలో సగానికి పైగా ఎలుక ఒంట్లోని మాంసకృత్తుల్లోకి వెళ్ళి కూర్చుంది. ఎలుక బరువు మాత్రం పెరగలేదు. అంటే ఎంత కొత్తది చేరిందో అంత పాతది విరిగి బయటికి పోయింది. మన ఒంట్లో రోజుకి 250 నుంచి 300 గ్రాముల మాంసకృత్తులు విరిగి మళ్ళీ తయారవుతుంటాయి. మనం తినేది మహా అయితే యాభై, అరవై, డెబ్భై గ్రాములు. మిగతాదంతా మన ఒంటిదే తిరిగి వాడుకోవడం. ఈ తిరుగుడులో తప్పిపోయినవీ, అవసరానికి మించి తిన్నవీ ఇంధనానికి పోతాయి.

సరే, పోతాయి అన్నాం కదా, ఎలా పోతాయి?

మొదటి మెట్టు ఇందాక ఎస్‌జీపీటీ చేసిన పని. ఇలాంటి ఎంజైములు ఇంకా ఉన్నాయి. చాలా అమైనో ఆమ్లాల నత్రజనిని తీసి ఎక్కువగా ఒకే అణువుకి, ఆల్ఫా కీటోగ్లుటరేట్‌కి తగిలిస్తాయి. అది గ్లుటమేట్ అవుతుంది. అంటే రకరకాల అమైనో ఆమ్లాల నత్రజని వచ్చి ఒకేచోట పోగవుతుందన్నమాట. 1937లో మాస్కోలో బ్రౌన్‌స్టీన్, క్రిట్జ్‌మన్ ఈ సంగతి కనిపెట్టారు. ఈ ఎంజైములన్నిటికీ విటమిన్ బి6 కావాలి. అది లేకపోతే వీటి పని సాగదు.

గ్లుటమేట్ లివర్ కణంలో శక్తి తయారయ్యే చోటైన మైటోకాండ్రియాలోకి వెళ్ళాక అక్కడ నత్రజని అమ్మోనియాగా బయటపడుతుంది. సరిగ్గా అక్కడే దాన్ని పట్టుకుని యూరియాగా మార్చే యంత్రాంగం సిద్ధంగా ఉంటుంది. ఇది కనిపెట్టిన కథ కాస్త నెమ్మదిగా చెప్తాను, నాకు ఇష్టమైన కథ.

1930ల మొదట్లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హాన్స్ క్రెబ్స్ అనే యువ డాక్టరు ఉండేవాడు. లివర్‌లో యూరియా తయారవుతుందని అప్పటికే తెలుసు, ఎలాగో తెలియదు. ఎలుక లివర్‌ని కాగితమంత పల్చటి ముక్కలుగా కోసి, ఉప్పుద్రావణంలో బతికించి, వాటికి అమ్మోనియాతోపాటు రకరకాల పదార్థాలు ఒక్కొక్కటిగా ఇచ్చి, ఎంత యూరియా తయారైందో కొలవడం అతని పద్ధతి. సాయంగా ఉన్నది కర్ట్ హెన్సెలైట్ అనే వైద్య విద్యార్థి. ఒక్కో ముక్కలో పుట్టే యూరియా ఎంతో తెలుసా? తూచడానికి వీలుకానంత తక్కువ. అందుకని యూరియేజ్ అనే ఎంజైమ్ వేసి యూరియాని విరగ్గొట్టి, అప్పుడు వచ్చే వాయువు ఒత్తిడిని గాజుగొట్టంలో ద్రవం ఎంత కదిలిందో చూసి లెక్కకట్టేవాళ్ళు. రోజుల తరబడి ఇదే పని.

చాలా పదార్థాలు ఇచ్చినా ఏమీ తేడా లేదు. ఆర్నిథీన్ అనే అమైనో ఆమ్లం ఇచ్చినప్పుడు మాత్రం యూరియా ఒక్కసారిగా పెరిగింది. మొదట ఎవరైనా అనుకునేది, ఆర్నిథీన్‌లోని నత్రజనే యూరియాలోకి వెళ్ళి ఉంటుందని. క్రెబ్స్ ఆర్నిథీన్ తగ్గించుకుంటూ పోయాడు. ఎంత తగ్గించినా, వేసినదానికి ఎన్నో రెట్లు యూరియా వస్తూనే ఉంది. ఆర్నిథీన్ మాత్రం ఖర్చు కావడం లేదు! అప్పటికి ఆర్జినైన్ విరిగితే యూరియా, ఆర్నిథీన్ వస్తాయని తెలుసు. ఈ రెండూ కలిపి చూస్తే విషయం అర్థమైంది: ఆర్నిథీన్ నత్రజనిని అందుకుని సిట్రుల్లీన్ అవుతుంది, అది ఆర్జినైన్ అవుతుంది, ఆర్జినైన్ యూరియాని వదిలేసి మళ్ళీ ఆర్నిథీన్‌గా మొదటికొస్తుంది. 1932లో ఈ ఫలితం అచ్చయింది. ఒంటి రసాయనశాస్త్రంలో ఒక చర్య ఇలా చక్రంలా తిరుగుతుందని చూపించడం అదే మొదలు. మధ్యలో చెప్పిన సిట్రుల్లీన్‌ని అంతకుముందు జపాన్‌వాళ్ళు వేరుచేసింది దేనిలోంచో తెలుసా? పుచ్చకాయ రసంలోంచి.

మరుసటి ఏడాదే హిట్లర్ ప్రభుత్వం వచ్చి యూదుడని క్రెబ్స్ ఉద్యోగం పీకేసింది. ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. 1937లో షెఫీల్డ్‌లో ఇంకో చక్రం కనిపెట్టాడు, అదే మీకు కాలేజీ పుస్తకాల్లో క్రెబ్స్ చక్రం పేరుతో కనిపించేది. ఆ సంగతి రాసి నేచర్ పత్రికకు పంపితే, మా దగ్గర ఇప్పటికే ఉత్తరాలు పేరుకుపోయాయి అని తిప్పి పంపారు. వేరే పత్రికలో అచ్చయింది. 1953లో నోబెల్ బహుమతి ఆ పనికే వచ్చింది.

యూరియా తయారీ ఊరికే అవదు. ఒక్క యూరియా అణువుకి నాలుగు ఏటీపీలకు, అంటే కణంలో శక్తిని మోసే నాలుగు అణువులకు, సరిపడా శక్తి ఖర్చవుతుంది. పైగా యూరియాతోపాటు మండకుండా మిగిలిన శక్తి కొంత మూత్రంలో పోతుంది. ఒక గ్రాము మాంసకృత్తిని ఇనుప పాత్రలో పెట్టి పూర్తిగా కాలిస్తే ఐదున్నర కిలోకేలరీలకు పైగా వస్తుంది. బిస్కెట్ ప్యాకెట్ మీద లెక్కవేసేది నాలుగే. అమెరికాలో విల్బర్ అట్‌వాటర్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వేసిన లెక్క ఇది: పిండిపదార్థానికి నాలుగు, మాంసకృత్తికి నాలుగు, కొవ్వుకి తొమ్మిది. మాంసకృత్తి దగ్గర తేడా వచ్చిందంటే ముఖ్యంగా ఈ యూరియా వల్లే. ఆ వచ్చిన నాలుగులో కూడా ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా అరిగించుకోవడం, మార్చుకోవడం అనే పనులకే వేడిగా ఖర్చయిపోతుంది. కొవ్వుకి ఈ ఖర్చు చాలా తక్కువ.

నత్రజని సంగతి అయింది. మిగిలింది కార్బన్ గొలుసు. ఇరవై అమైనో ఆమ్లాలకు ఇరవై దారులు. వాటిలోకి ఇప్పుడు వెళితే రాత్రి భోజనాల టైము దాటిపోతుంది. ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ దారులన్నీ చివరికి ఆరేడు చోట్లకు వచ్చి కలుస్తాయి: పైరువేట్, అసిటైల్ కో-ఎ (పైరువేట్ నుంచీ కొవ్వుల నుంచీ వచ్చి క్రెబ్స్ చక్రంలోకి వెళ్ళే ముక్క), క్రెబ్స్ చక్రంలోని నాలుగైదు పదార్థాలు. లూసిన్, లైసిన్ అనే రెండింటి నుంచి మాత్రం గ్లూకోజ్ తయారుకాదు. మిగతావాటన్నిటి నుంచి ఎంతో కొంత గ్లూకోజ్ చేసుకోవచ్చు. ఇది ఎందుకు ముఖ్యమో ఉపవాసం దగ్గర చెప్తాను.

క్రెబ్స్ చక్రంలో కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. అక్కడ ఊడివచ్చిన హైడ్రోజన్‌ని, దాని ఎలక్ట్రాన్లని మోసుకెళ్ళేవి ముఖ్యంగా ఎన్ఏడీ అనే అణువులు. అవి మైటోకాండ్రియా పొరలో అప్పగిస్తే, చివరికి మనం పీల్చిన ఆక్సిజన్‌తో కలిసి నీళ్ళవుతాయి. ఆ దారిలో విడుదలైన శక్తితో ఏటీపీ తయారవుతుంది. పొరకి ఒకవైపు ప్రోటాన్లను పోగుచేసి, అవి తిరిగి రావడంలో ఏటీపీ పుడుతుందని 1961లో పీటర్ మిచెల్ చెప్తే చాలాకాలం ఎవరూ నమ్మలేదు. 1978లో నోబెల్ ఇచ్చారు.

ఏటీపీ అనగానే మన మనిషిని తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర పనిచేస్తూ, 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ద్రావణం ఎంత నీలంగా మారితే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. చూడటానికి చిన్న పనిలా ఉంటుంది. కానీ ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే, కండరాన్ని పరీక్షిస్తుంటే నీలం రంగు ఒక్కసారిగా రాకుండా నెమ్మది నెమ్మదిగా ముదురుతోందని గమనించగలిగారు. అంటే ఏదో ఒక పదార్థం అక్కడే విరుగుతూ ఫాస్ఫరస్‌ని వదులుతోంది. అది ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్ళకు ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఆ పని చేశాడు. పాఠ్యపుస్తకాల్లో లోమన్ పేరు ముందు కనిపిస్తుంది, మనవాడిది వెతుక్కోవాలి. నాకు అది ఎప్పుడూ కాస్త గుచ్చుకుంటుంది. మన ఒంట్లో ఒక క్షణాన ఉండే ఏటీపీ వంద గ్రాములు కూడా ఉండదు. కానీ అదే మళ్ళీ మళ్ళీ విరిగి తయారవుతూ రోజు మొత్తానికి ఇంచుమించు మన ఒంటి బరువంత అవుతుంది.

ఇప్పుడు ఎన్ఏడీ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే అక్కడ తెలుగునేల కథ ఉంది. నిజానికి రెండు కథలు, ఒకటి కోస్తాది, ఒకటి తెలంగాణది.

పైరువేట్ క్రెబ్స్ చక్రంలోకి వెళ్ళాలంటే విటమిన్ బి1 కావాలి. బి1 బియ్యపు తవుడులో ఉంటుంది. మిల్లు బియ్యం వచ్చి తవుడంతా పోయాక, పచ్చిబియ్యం తినే ఉత్తర సర్కారుల్లో, అంటే ఇప్పటి కోస్తా జిల్లాల్లో, బి1 లేక వచ్చే బెరిబెరి జబ్బు బాగా ఉండేది. ఉప్పుడు బియ్యం తినేచోట్ల అంత లేదు, ఎందుకంటే వడ్లు ఉడికించినప్పుడు బి1 గింజ లోపలికి చేరుతుంది. దీనిమీద పరిశోధనకు 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరుల్లోని కూనూరులో చిన్న కేంద్రం మొదలుపెట్టాడు. ఆ కేంద్రమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ వచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఇక్కడికొచ్చాక వాళ్ళకి ఎదురైంది పెల్లాగ్రా. ఎండ తగిలినచోట, ముఖ్యంగా మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొరలూడుతుంది. విరేచనాలు, తరవాత మతి చెదరడం. ఎన్ఏడీ తయారీకి కావాల్సిన నియాసిన్ అనే విటమిన్ లేకపోతే వచ్చే జబ్బు ఇది. అమెరికా, ఐరోపాల్లో మొక్కజొన్న మీదే బతికే పేదలకు వచ్చేది. ఇక్కడ వచ్చింది జొన్న తినేవాళ్ళకి. ఇదే చిక్కుముడి. మన లివర్ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి నియాసిన్ చేసుకోగలదు, సుమారు 60 మిల్లీగ్రాముల నుంచి ఒక మిల్లీగ్రాము. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ బాగా తక్కువ, కాబట్టి అర్థముంది. జొన్నలో అంత తక్కువ కాదే! డాక్టర్ సి. గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో ఒక వాదన ముందుకు తెచ్చారు. జొన్నలో లూసిన్ మరీ ఎక్కువ, అది ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారికి అడ్డుపడుతోందని. తరవాత దీనిమీద గట్టి వాదాలే జరిగాయి, లూసిన్ ఒక్కటే కారణమని ఇప్పుడు అందరూ ఒప్పుకోరు. అయినా ఒక అమైనో ఆమ్లం ఎక్కువైతే ఇంకోదాని దారి చెడవచ్చని ఆలోచించడం అప్పటికి కొత్త. ఇవాళ షుగరుకి మంచిదని జొన్నరొట్టె తింటున్నవాళ్ళు భయపడకండి. పప్పు, పాలు, మాంసం ఏమీ లేకుండా మూడుపూటలా జొన్నే తిన్నవాళ్ళకి వచ్చిన జబ్బు అది.

ఇప్పుడు ఉపవాసం. అన్నం మానేస్తే ఏమవుతుంది?

మెదడు రోజుకి సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుతుంది. ఎర్రరక్తకణాలకు మైటోకాండ్రియా లేవు కాబట్టి వాటికీ గ్లూకోజే కావాలి. లివర్‌లోని గ్లైకోజెన్ ఒక రోజు తిరిగేసరికి దాదాపు అయిపోతుంది. కండరాల్లో ఉన్న గ్లైకోజెన్ కండరానికే, అది రక్తంలోకి గ్లూకోజ్‌గా రాలేదు. కొవ్వు బోలెడంత ఉంది, మామూలు మనిషిలోనే లక్ష కిలోకేలరీలకు పైన. కానీ కొవ్వు ఆమ్లాలను మనిషి ఒళ్ళు గ్లూకోజ్‌గా మార్చుకోలేదు. వాటి నుంచి వచ్చేది అసిటైల్ కో-ఎ, దానికి వెనక్కి పైరువేట్ అయ్యే దారి లేదు. కొవ్వులో ఉన్న కాస్త గ్లిజరాల్ మాత్రమే గ్లూకోజ్ అవుతుంది. మరి మెదడుకి గ్లూకోజ్ ఎక్కడి నుంచి రావాలి? కండ నుంచి. కండరాలు తమ మాంసకృత్తుల్ని విరిచి, ఎక్కువగా అలనీన్‌గా, గ్లుటమీన్‌గా రక్తంలోకి పంపుతాయి. లివర్ అలనీన్ అందుకుంటుంది, ఎస్‌జీపీటీ నత్రజని తీసేస్తుంది, మిగిలిన పైరువేట్ గ్లూకోజ్ అవుతుంది.

ఈ లెక్కన ఉపవాసం మొదటి రోజుల్లో మూత్రంలో యూరియాగా రోజుకి 12 గ్రాముల దాకా నత్రజని పోతుంది. 6.25తో గుణించండి: 75 గ్రాముల మాంసకృత్తి. కండరంలో ఐదో వంతే మాంసకృత్తి, మిగతాది ఎక్కువగా నీరు. కాబట్టి రోజుకి మూడున్నర వందల గ్రాములకు పైగా కండ. ఇలాగే సాగితే మనిషి రెండు మూడు వారాలు దాటడు. ఊపిరి తియ్యడానికీ కండరమే కావాలి కదా.

కానీ మనుషులు అంతకంటే ఎక్కువే బతుకుతున్నారు. ఎలా? 1967లో బాస్టన్‌లో జార్జ్ కేహిల్, ఆలివర్ ఓవెన్ బృందం దీన్ని తేల్చింది. ఊబకాయం తగ్గించుకోవడానికి ఆస్పత్రిలోనే ఐదారు వారాలు ఏమీ తినకుండా ఉన్న ముగ్గురిని పరీక్షించారు. మెదడులోకి వెళ్ళే రక్తాన్ని, మెదడు నుంచి మెడ సిరలోకి వచ్చే రక్తాన్ని పోల్చి చూశారు. మెదడు గ్లూకోజ్ మీదే బతుకుతుందని అప్పటిదాకా అందరూ నమ్మారు. తీరా చూస్తే దానికి కావాల్సిన శక్తిలో మూడింట రెండు వంతుల దాకా కీటోన్ల నుంచి వస్తోంది. కీటోన్లంటే కొవ్వులోంచి లివర్ తయారుచేసే పదార్థాలు. మెదడు కీటోన్లకు అలవాటు పడగానే గ్లూకోజ్ అవసరం తగ్గింది, కండ కరగడం తగ్గింది. మూత్రంలో యూరియా నత్రజని మూడు నాలుగు గ్రాములకు, ఆపైన ఇంకా కిందికి దిగింది. అంటే ఒళ్ళు దూలాలు పీకడం దాదాపు ఆపి, కొవ్వు మీద బతకడం నేర్చుకుంది.

1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షకు కూర్చుని, డిసెంబర్ 15న కన్నుమూశారు. 58 రోజులు. ఆ రోజుల్లో ఒంట్లో ఏం జరుగుతుందో వైద్యులకు ఇంత వివరంగా తెలియదు. కీటోన్ల మీదికి మళ్ళడమన్నది లేకపోతే ఎవరికైనా అన్ని రోజులు ఉండటం సాధ్యం కాదు. కొవ్వు నిల్వ అయిపోయాక మళ్ళీ కండ వేగంగా కరగడం మొదలవుతుంది. అప్పుడు ఊపిరి కండరాలు నీరసిస్తాయి, న్యుమోనియా లాంటివి తేలిగ్గా పట్టుకుంటాయి. మన ఏకాదశి ఉపవాసానికి ఇదేమీ వర్తించదు, సగ్గుబియ్యం ఉప్మాలో ఉండేది అచ్చమైన పిండే.

లివర్ పాడైనప్పుడు ఈ వ్యవహారం తలకిందులవుతుంది. యూరియా తయారీ సరిగ్గా సాగదు, అమ్మోనియా రక్తంలో పెరుగుతుంది. మొదట ఇంట్లోవాళ్ళు గమనించేది నిద్ర: పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటారు. తరవాత లెక్కలు తప్పుతారు, పేర్లు మర్చిపోతారు. డాక్టరు చేతులు ముందుకు చాపి మణికట్లు పైకి ఎత్తమంటారు. చేతులు నిలబడవు, రెక్కలు కొట్టుకున్నట్టు టపటపా కిందికి పడుతుంటాయి. వాళ్ళకి లాక్టులోజ్ అనే తియ్యటి సిరప్ ఇస్తారు. విరేచనం సాఫీగా కావడానికి ఇస్తున్నారనుకుంటారు ఇంట్లోవాళ్ళు. అది పెద్దపేగుని ఆమ్లంగా మార్చి, అక్కడ బ్యాక్టీరియా తయారుచేసే అమ్మోనియాని రక్తంలోకి రాకుండా ఆపుతుంది. ఇంకో మాట. ఇలాంటివాళ్ళకి ప్రోటీన్ పూర్తిగా మాన్పించేవాళ్ళు ఒకప్పుడు. ఇప్పుడు అలా చెయ్యరు. మాన్పిస్తే కండ కరుగుతుంది, కండరం కూడా కొంత అమ్మోనియాని పట్టుకుంటుంది కాబట్టి ఉన్న ఆసరా పోతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

పుట్టుకతోనే ఒక్కో ఎంజైమ్ లేనివాళ్ళూ ఉంటారు. షుగర్‌లెస్ అని అమ్మే కొన్ని కూల్‌డ్రింకుల మీద చిన్న అక్షరాల్లో ఫెనైల్‌కీటోన్యూరియా ఉన్నవాళ్ళకి కాదు అని రాసి ఉంటుంది, ఎప్పుడైనా చూశారా? ఆ డ్రింకుల్లో తీపికోసం వేసే పదార్థంలో ఉండే ఫెనైల్అలనీన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చే ఎంజైమ్ వాళ్ళకి పనిచెయ్యదు. అది పేరుకుని పసిపిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. 1934లో నార్వేలో అస్బియోర్న్ ఫోలింగ్ దీన్ని కనిపెట్టాడు. పుట్టిన వెంటనే మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి చూస్తే తెలిసిపోతుంది, ఆహారం మార్చి పిల్లల్ని కాపాడుకోవచ్చు. ఇలాంటి జబ్బులు చాలావరకు తల్లి నుంచి ఒక లోపం, తండ్రి నుంచి అదే లోపం వస్తేనే కనిపిస్తాయి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన దగ్గర ఈ పరీక్ష గురించి ఇంకా ఎక్కువ పట్టించుకోవాలి అని నా అభిప్రాయం.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: సార్, జిమ్‌కి వెళ్తాను. ప్రోటీన్ పౌడర్ రెండు స్కూపులు తాగితే కండ పెరుగుతుందా?)

కండ పెరగాలని కండరానికి చెప్పేది నువ్వు ఎత్తే బరువు నాన్నా, పౌడర్ కాదు. పౌడర్ ఇటుకలు ఇవ్వగలదు, అంతే. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని మన పోషకాహార సంస్థ చెప్తోంది. అరవై కిలోలకి యాభై గ్రాములు. బరువులెత్తేవాళ్ళకి ఇంతకంటే ఎక్కువ కావాలి, అది నిజమే. కానీ వాడకానికి మించింది దాచుకునే చోటు లేదని ఇందాకే అనుకున్నాం. లివర్ నత్రజని తీసేసి యూరియా చేస్తుంది, కార్బన్‌ని మండిస్తుంది లేదా కొవ్వు చేస్తుంది. ఖరీదైన డబ్బా కొని మూత్రంలో పోసుకోవడమే. ముందు ఇంట్లో ఎంత తింటున్నావో లెక్క చూసుకో. ఒక గుడ్డుకి ఆరు గ్రాములు, వంద గ్రాముల పచ్చి కందిపప్పుకి ఇరవై రెండు గ్రాముల దాకా ఉంటుంది. ఉత్త అన్నంలో లైసిన్ తక్కువ, పప్పులో ఎక్కువ. అందుకే పప్పన్నం జోడీ బాగా కుదిరింది.

(సభలోంచి: కిడ్నీ జబ్బు ఉంటే పప్పు మానెయ్యాలా?)

యూరియాని బయటికి పంపేది కిడ్నీలే కాబట్టి జబ్బు ముదిరితే డాక్టర్లు ప్రోటీన్ కొంత తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక మళ్ళీ పెంచమంటారు, అందులో అమైనో ఆమ్లాలు పోతుంటాయి కాబట్టి. ఏ దశలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుందండి, మీ డాక్టరుగారినే అడగండి.

(సభలోంచి: మా ఆయనకి యూరిక్ యాసిడ్ పెరిగింది. ప్రోటీన్ వల్లే అని ఇంట్లో పప్పు వండటం మానేశాం.)

అమ్మా, యూరియా వేరు, యూరిక్ యాసిడ్ వేరు. యూరియా ఇప్పటిదాకా చెప్పుకున్న అమైనో ఆమ్లాల నత్రజని. యూరిక్ యాసిడ్ ప్యూరిన్ల నుంచి వస్తుంది, అంటే డీఎన్ఏ, ఆర్ఎన్ఏలలో ఉండే ఎడినీన్, గ్వానీన్ నుంచి. ఏటీపీలో ఉన్న ఎడినీన్ కూడా చివరికి విరిగి అదే అవుతుంది. కాబట్టి చాలావరకు అది మన ఒంట్లోనే తయారవుతుంది. తిండిలో చూడాల్సింది మేక లివర్, కిడ్నీ, కొన్ని రకాల చేపలు, బీరు, తియ్యటి కూల్‌డ్రింకులు. పప్పుల్లో ప్యూరిన్లు కొంత ఉన్నా, వాటివల్ల గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల కీళ్ళు వాచే జబ్బు, పెరిగినట్టు పెద్ద అధ్యయనాల్లో తేలలేదు. ఆయన ఆదివారం ఏం తింటున్నారో, ఏం తాగుతున్నారో ముందు అడగండి. (నవ్వులు) పప్పు సంగతి తరవాత చూడొచ్చు.